ముందు పెదవులు, తర్వాతే వేళ్లు

కావలి

చిరంజీవి పాపకు,

నాయన ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ కాలేజీ బ్యాండులో నీకు ట్రంపెట్ ఇచ్చారని అమ్మ చెప్పింది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ నా ట్రంపెట్‌ని ముట్టుకోనిదానివి, తిరుపతి పోయాక పట్టుకున్నావు! ఎంత ఊదినా ఉస్సుమని గాలి తప్ప ఏమీ రావడం లేదన్నావట. ఫోన్లో చెబితే సగం వింటావు, అందుకే రాస్తున్నా.

సన్నాయికి పీక ఉంటుంది, అది అదిరితే స్వరం పుడుతుంది. ట్రంపెట్‌కి పీక లేదు. నీ పెదవులే అదరాలి. 'మ్' అన్నట్టు మూసి, నోటి మూలలు బిగబట్టి, మధ్యలో వదులుగా ఉంచి గాలి వదులు. తుమ్మెద రొదలా బుర్రుమనాలి. ముందు ఉత్త పెదవులతో, తర్వాత మౌత్‌పీసు ఒక్కటే పెట్టుకుని చెయ్యి. అది పలికితే ట్రంపెట్ పలుకుతుంది. హాస్టల్ పిల్లలు తిట్టుకుంటారని టెన్షన్ కూడా ఉండదు, మౌత్‌పీసు చప్పుడు గది దాటి పెద్దగా పోదు.

గాలి కడుపులోంచి రావాలి, భుజాలు లేవకూడదు. స్వరం ఎత్తుకునేటప్పుడు నాలుకతో 'తు' అను. పై స్వరం రాకపోతే మౌత్‌పీసుని మూతికేసి నొక్కుతారు కొత్తవాళ్లు. అది మాత్రం వద్దు. పెదవికి రక్తం ఆడక మొద్దుబారుతుంది, అసలే పలకదు. పైకి పోవాలంటే గాలి వేగం పెరగాలి, నోట్లో నాలుక 'తీ' అన్నట్టు లేవాలి.

ఇక వేళ్ల సంగతి. మామూలు ట్రంపెట్‌లో మెలికలు తిప్పిన గొట్టాన్ని సాగదీస్తే సుమారు 1.48 మీటర్లు. పైన వేళ్లతో నొక్కే మూడు బొత్తాలే పిస్టన్లు. అవి ఏవీ నొక్కకుండా పెదవుల బిగువుతోనే స, ప, పై స, ఆపైన గ, ప వస్తాయి. పాతకాలం రాజుల బాకాలకు పిస్టన్లు లేవు, ఇలాంటి స్వరాలతోనే సరిపెట్టుకునేవాళ్లు. జర్మనీలో ష్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు కలిసి 1818లో వాల్వుకి, అంటే ఈ పిస్టన్‌లా గాలి దారి మళ్లించేదానికి, పేటెంట్ తీసుకున్నారు. పిస్టన్ నొక్కితే గాలి ఇంకో చిన్న గొట్టం చుట్టి వస్తుంది, పొడవు పెరిగి స్వరం దిగుతుంది. రెండోది అర స్వరం, మొదటిది ఒక స్వరం, మూడోది ఒకటిన్నర దించుతుంది.

శంకరాభరణం స్వరాలు రాసిపెట్టుకో: స ఏదీ నొక్కొద్దు, రి ఒకటీ మూడూ, గ ఒకటీ రెండూ, మ ఒకటి, ప మళ్లీ ఖాళీ, ద ఒకటీ రెండూ, ని రెండు, పై స ఖాళీ. చూశావా, గ కీ ద కీ వేళ్లు ఒకటే! ఏది పలకాలో పెదవులే చెప్పాలి. అందుకే వేళ్లు నేర్చుకుంటే చాలనుకునేవాళ్లు ముందుకు పోలేరు. కింది రి కొంచెం ఎక్కువ శ్రుతిలో పలుకుతుంది, ఎడమ చేతి వేలు దూర్చే రింగుతో మూడో స్లైడు, అంటే మూడో పిస్టన్‌కున్న జరిగే గొట్టం, కాస్త బయటికి తోస్తే సర్దుకుంటుంది.

కీబోర్డుతో కలిసి వాయించేటప్పుడు తికమక పడతావు. నీ స వాళ్లకు బీ ఫ్లాట్. వాళ్లు సి శ్రుతి అంటే నువ్వు నీ రి నుంచి మొదలుపెట్టాలి.

పెళ్లి ఊరేగింపులో మేము బుగ్గలు ఉబ్బించి ఊదడం చూశావు. డ్రమ్ముల మోతలో వినపడాలి కదా. నువ్వు నేర్చుకోవాల్సింది అది కాదు. కింది స్వరాలు మెత్తగా, ఊపిరి ఉన్నంతసేపూ నిలబెట్టు. అలాంటి నిలకడ స్వరం ముందు మా ఊరేగింపు పాటలు దిగదుడుపే, ఈ మాట మా మాస్టారికి చెప్పకు. గమకాల జోలికి ఇప్పుడే పోకు. పిస్టన్ సగం నొక్కి జారుడు తెప్పించే విద్య నేనే నేర్పుతా.

పిస్టన్లకు వాల్వ్ ఆయిల్ మాత్రమే వెయ్యి. కొబ్బరి నూనె వేస్తే జిగురు కట్టి పట్టేస్తాయి. వాటి మీద 1, 2, 3 అని అంకెలుంటాయి, తీసి మార్చి పెట్టావంటే గాలి పోదు. లోపల చేరేది ఎక్కువగా ఊపిరి చెమ్మే, కింద మీట నొక్కి ఊదేస్తే పోతుంది. మొన్న పంపిన మలై కాజా తిన్నాక మాత్రం నోరు పుక్కిలించి ఊదు, తీపి గొట్టంలో పేరుకుంటుంది.

మౌత్‌పీసు ఒక్కటే పలికించి వాట్సాప్‌లో పెట్టు, విని చెబుతా. మాఘం బుకింగులు మొదలయ్యాయి. రాత్రిళ్లు ఊరేగింపుల్లో ఉంటాను కాబట్టి ఫోన్ మధ్యాహ్నం చెయ్యి.

మీ నాయన