టులెట్ బోర్డు పెద్దవాళ్లకి వర్తించదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో చేసి రిటైరైనవాడిని. పీఎఫ్ వాళ్లిచ్చే ఈపీఎస్ పెన్షన్ నెలకి 3,200 వస్తుంది, చేతికొచ్చిన డబ్బులో 15 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేశాను, 8.2 శాతం మీద మూడు నెలలకోసారి 30,750 పడుతుంది. రెండూ కలిపితే నెలకి 13 వేల చిల్లర. కూకట్‌పల్లిలో మేముండే ఇంటి అద్దె 17 వేలు. పిల్లాడు వాడి ఈఎంఐలతో వాడున్నాడు, వాణ్ణి అడగబుద్ధి కాలేదు. ఇంక ఊరు మారడమే అనుకుని నేనూ మా ఆవిడా దాదాపు ఏడాదిపాటు తిరిగాం.

మొదట హన్మకొండ చూశాం. పక్కనే వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రి ఉంది, కాజీపేటలో రైలెక్కితే ఎటైనా పోవచ్చు. 8 వేలకి మంచి ఇల్లే దొరికింది కానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మా ఆవిడకి మోకాళ్లు అరిగిపోయాయి, చూడ్డానికి ఎక్కినప్పుడే మధ్యలో రెండుసార్లు కూర్చుంది. మదనపల్లె చల్లగా ఉంటుందని వెళ్తే అద్దె తక్కువే, గాలి కూడా బాగుంది, కానీ రైల్వేస్టేషన్ ఊరికి దూరం, మేం చూసిన వీధిలో వేసవిలో ట్యాంకర్ కొనుక్కోవాలన్నారు. చిత్తూరైతే వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి గంట ప్రయాణం, నాకు అది బాగా నచ్చింది, కానీ మా ఆవిడ అక్కడ మనవాళ్లెవరూ లేరని ఒప్పుకోలేదు, ఆమె మాటా నిజమే కదా. చివరికి సొంత జిల్లా విజయనగరం వచ్చాం. హౌరా మెయిన్ లైను, 2023లో మొదలైన గవర్నమెంట్ మెడికల్ కాలేజీ, పెద్ద జబ్బొస్తే వైజాగ్ దగ్గరే, కింద పోర్షన్లు 6, 7 వేలకి ఉన్నాయి.

అసలు సంగతి ఇక్కడే మొదలైంది. టులెట్ బోర్డు చూసి అడిగితే మొదటి ప్రశ్న "ఎవరెవరు ఉంటారండీ?" అని. ఇద్దరమే అంటే ముందు సంతోషపడతారు, వయసు చెప్పగానే మొహం మారుతుంది. నాలుగు ఇళ్లలో ఇదే జరిగింది. ఒకాయన మాత్రం పైకే చెప్పేశాడు, "ఏమనుకోకండి బాబాయ్ గారూ, రేపు ఏదన్నా జరిగి అది ధనిష్ఠా పంచకంలో పడితే ఆర్నెల్లు ఇల్లు మూసుకోవాలి, మాది అద్దెల మీద బతికే కుటుంబం" అని. ఆ నక్షత్రాల్లో ఎవరన్నా పోతే ఇల్లు మూసేయాలని నమ్మకం కదా. ఆయన్ని నేను తిట్టుకోలేదు, ఆయన భయం ఆయనది. కానీ బయటికొచ్చాక మా ఆవిడ రోడ్డు మీద నిలబడి కళ్లు తుడుచుకుంటుంటే నాకు మాట రాలేదు.

మాలాంటివాళ్ల గురించి ఎవరన్నా ఆలోచించారా అని చట్టాలు కూడా చదివాను. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం చేసిన 2007 చట్టంలో జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి సరిపడా అని ఉంది, అది ఏ ఆధారం లేనివాళ్ల కోసం, వాళ్లకి కచ్చితంగా ఉండాలి. 2019లో కేంద్రం రిటైర్మెంట్ హోమ్స్‌కి మోడల్ గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఆ ఇళ్లు బిల్డర్లు కట్టి అమ్మేవి, మేం కొనగలిగేవి కావు. 2020లో ఖాళీగా పడున్న సర్కారు ఇళ్లని వలస కార్మికులకి అద్దెకివ్వడానికి స్కీమ్ తెచ్చారు, మంచి పని. మరి నెలనెలా ఠంచనుగా అద్దె కట్టగలిగి, ఇల్లిచ్చేవాడే లేని ముసలివాళ్లకి అలాంటిదే ఎందుకు పెట్టకూడదు? కొత్తగా ఏం కట్టక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా కేంద్రాల్లో సర్కారువి ఖాళీగా ఉన్న క్వార్టర్లలో కింది అంతస్తు ఇళ్లు అరవై దాటినవాళ్లకి అద్దెకివ్వండి, బాత్రూంలో పట్టుకోడానికి ఒక రాడ్డు, వెస్ట్రన్ కమోడ్ పెట్టండి చాలు.

మాకు ఐదో ఇల్లు ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇచ్చారు. ఆ రాడ్డు మేం అడక్కుండానే ఆవిడే బిగించారు. పదకొండు నెలల అగ్రిమెంటు, మార్చితో అయిపోతుంది, ఆవిడ కొడుకు ఇల్లు అమ్మేస్తానంటున్నాడు. ఈ పేపర్ చదివేవాళ్లలో కింద పోర్షన్ ఖాళీగా ఉన్నవాళ్లుంటే, ఈసారి మా వయసువాళ్లు వచ్చి అడిగితే ఒకసారి లోపలికి పిలిచి ఇల్లు చూపించండి.

ఒక రిటైర్డ్ ఉద్యోగి,
విజయనగరం