జీపీఎస్‌తో స్పీడు కలిసింది సరే, కిలోమీటర్ల మాటేమిటి?

సంపాదకులకు,

మీ వాహనాల పేజీలోని ప్రశ్న–జవాబుల శీర్షికలో వచ్చిన ఒక జవాబు గురించి ఈ ఉత్తరం. కారుకు కాస్త పెద్ద టైర్లు వేయించాక స్పీడోమీటరు ఫోనులోని జీపీఎస్‌తో సరిగ్గా కలుస్తోందని, ఇంతకుముందు ఎప్పుడూ నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువ చూపించేదని ఒక పాఠకుడు రాశారు. మీటరు ఇప్పుడే దారికొచ్చింది, ఆ టైర్లే ఉంచుకోండి అన్నారు జవాబిచ్చినవారు. స్పీడు మటుకు నిజమే. కానీ అదే టైర్లతో ఓడోమీటరు, అంటే బండి మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించేది, తప్పు లెక్క మొదలుపెట్టిందన్న సంగతి ఆ జవాబులో లేదు.

స్పీడోమీటరుకు రోడ్డు కనిపించదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో చూసి, చుట్టుకు ఇంత దూరం అని ఫ్యాక్టరీలో పెట్టిన లెక్కతో హెచ్చవేసి వేగం చెబుతుంది. ఓడోమీటరు కూడా ఆ చుట్లనే కూడుకుంటూ పోతుంది. టైరు మారితే చుట్టుకు బండి నడిచే దూరం మారుతుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేస్తుంది. ఇంతవరకు రెండూ ఒకటే. అయితే స్పీడు ముల్లును కంపెనీలు కావాలనే కొంచెం ఎక్కువ చూపించేలా పెడతాయి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం ముల్లు అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించవచ్చు, కార్ల విషయంలో అసలు వేగంలో పదో వంతుకు 4 కిలోమీటర్లు కలిపినంత దాకా. బండి నిజంగా 80లో పోతుంటే ముల్లు 80 నుంచి 92 దాకా ఎక్కడున్నా నిబంధనకు లోబడి ఉన్నట్టే. కాబట్టి జీపీఎస్ కంటే నాలుగైదు ఎక్కువ చూపించిన మీటరుకు రోగమేమీ లేదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్లలో ఓడోమీటరుకు ఈ అదనం కలపరు. అసలు దూరానికి వీలైనంత దగ్గరగా పెడతారు.

ఇక అంకెలు. టైరు మీద 185/65 ఆర్15 అని ఉంటే 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 65 శాతం. 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. పక్కగోడ 120.25 మి.మీ. పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి 240.5. రిమ్ము 15ను 25.4తో హెచ్చవేస్తే 381. మొత్తం వ్యాసం 621.5 మి.మీ. దీని స్థానంలో 205/65 ఆర్15 వేస్తే వ్యాసం 647.5, అంటే 4.2 శాతం ఎక్కువ. వెడల్పు ఒక్కటే పెంచామనుకుంటారు, కానీ 65 అన్నది శాతం కాబట్టి వెడల్పుతోపాటు ఎత్తూ పెరిగిపోతుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రిమ్ము పెంచినా కొలత సరిగ్గా ఎంచుకుంటే తేడా రాదు: 195/55 ఆర్16 వ్యాసం 620.9, అసలు దానితో దాదాపు సమానం. అదే 16 అంగుళాల రిమ్ముకు 195/60 వేస్తే 640.4, ఏకంగా 3 శాతం పెరుగుతుంది.

మీ పాఠకుడి కారులో జరిగింది ఇలాంటిదే అనుకుందాం. అసలు టైర్లతో ముల్లు 5 శాతం ఎక్కువ చూపించేదంటే ముల్లు 100 మీద ఉన్నప్పుడు బండి 95లో పోతోంది. టైరు 4.2 శాతం పెరిగాక అదే 100 దగ్గర బండి 99లో పోతుంది. జీపీఎస్‌తో కలవక ఏంచేస్తుంది? కానీ ఏ అదనమూ లేని ఓడోమీటరు ఇప్పుడు ప్రతి 10,000 కిలోమీటర్లకు 9,600 మాత్రమే చూపిస్తుంది. కొత్తలోనే ఈ టైర్లు వేసి 60,000 తిరిగిన బండి మీటరు 57,600 దగ్గర ఉంటుంది. ఆయిలు, టైమింగు బెల్టు వంటివి మీటరు చూసి మార్చేవారు ఆ మేరకు ఆలస్యంగా మారుస్తారు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు 2,400 కిలోమీటర్లు తక్కువ తిరిగిన బండి అనుకుని కొంటారు, అమ్మేవారికి మోసం చేసే ఉద్దేశం లేకపోయినా.

పెద్ద టైర్లు వేశాక మైలేజీ పడిపోయిందనే ఫిర్యాదులోనూ ఇది కొంత ఉంటుంది. 40 లీటర్లతో 720 కిలోమీటర్లు నడిచిన కారు నిజానికి లీటరుకు 18 ఇచ్చింది. మీటరులో 691 పడుతుంది కాబట్టి లెక్క 17.3 వస్తుంది. వెడల్పు, బరువు పెరిగిన టైరు ఇంధనం కాస్త ఎక్కువ తాగే మాట వాస్తవమే, అయితే ముందు ఈ 4 శాతం సరిచేసుకున్నాకే ఆ నింద వేయాలి. చిన్న టైర్లు వేసినవారికి దీనికి తలకిందులు. 185/60 ఆర్15 వేస్తే వ్యాసం 603, అంటే 3 శాతం తక్కువ. మీటరు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, మైలేజీ పెరిగిందని సంతోషపడతారు. ట్యాక్సీ మీటరు కూడా ఇదే లెక్క మీద నడుస్తుంది కనుక చిన్న టైరు వేస్తే ప్రయాణికుడి జేబుకు చిల్లు. వేగం హద్దు దాటకుండా ఆపే స్పీడు గవర్నరు ఉన్న బండికి పెద్ద టైరు వేస్తే 80 దగ్గర ఆగాల్సిన బండి 83 దాకా పోతుంది.

టైరు కొలత మార్చకపోయినా అరుగుదలతో తేడా వస్తుంది. కొత్త టైరు గాడులకు 8 మి.మీ. లోతు ఉండి, అరిగి 1.6 మి.మీ.కి వచ్చేసరికి వ్యాసం 12.8 మి.మీ. తగ్గుతుంది. 621.5లో అది 2 శాతం. గాలి ప్రభావం మాత్రం అనుకున్నంత ఉండదు. ఇప్పటి కార్లకు ఉండే రేడియల్ టైరులో ట్రెడ్ కింద, అంటే రోడ్డును తాకే పొర కింద, ఉండే ఉక్కు తీగల బెల్టు సాగదు, కుంచించుకోదు. గాలి తగ్గితే టైరు అణిగినట్టు కనిపించినా చుట్టుకు నడిచే దూరం చాలా కొద్దిగానే తగ్గుతుంది. అయినా ఆ కొద్ది తేడాను బట్టే, చక్రానికి గాలి పోయిందని హెచ్చరించే వ్యవస్థలు కొన్ని కార్లలో ఉన్నాయి. అలాంటి కారుకు టైర్లు మార్చాక ఆ వ్యవస్థను రీసెట్ చేయకపోతే ఉత్తినే లైటు వెలుగుతుంది.

లెక్క మీద నమ్మకం లేనివారు కొలిచి చూసుకోవచ్చు. కంపెనీ చెప్పినంత గాలి పెట్టి, డ్రైవరును కూర్చోబెట్టి, సమతలంగా ఉన్న నేల మీద టైరు అడుగునా, సరిగ్గా దాని కింద నేల మీదా సుద్దతో గీత పెట్టాలి. బండిని తిన్నగా సరిగ్గా ఐదు చుట్లు దొర్లించి, టైరు గీత కిందికి వచ్చిన చోట నేల మీద ఇంకో గీత పెట్టి, నేల మీది రెండు గీతల మధ్య దూరం టేపుతో కొలిచి ఐదుతో భాగించాలి. ఒక్క చుట్టే కొలిస్తే సెంటీమీటరు పొరపాటు అర శాతం అవుతుంది, ఐదు చుట్లకైతే పదో వంతు శాతమే. అయితే ఇక్కడ ఒక పేచీ ఉంది. 621.5 మి.మీ. వ్యాసానికి పుస్తకం లెక్క చుట్టుకొలత 1,952 మి.మీ., కానీ బరువు మీద దొర్లే రేడియల్ టైరు చుట్టుకు దాదాపు 1,896 మాత్రమే నడుస్తుంది. పాత టైరుకు లెక్క కట్టి కొత్త టైరును టేపుతో కొలిస్తే ఈ 3 శాతం తేడాతో అంతా గందరగోళం. రెండూ లెక్కలే వేయాలి, లేదా రెండూ కొలవాలి. కొలిచేది అరిగిన పాత టైరైతే పైన చెప్పిన 2 శాతం వరకూ గుర్తుంచుకోవాలి.

ఓడోమీటరును పరీక్షించడానికి కిలోమీటరు రాళ్లు చాలు. ట్రిప్ మీటరు, అంటే సున్నా చేసి మొదలుపెట్టగల దూరం లెక్క, వంద మీటర్లకు ఒకసారి మారుతుంది కాబట్టి 10 కిలోమీటర్లకు 1 శాతం అనుమానం మిగులుతుంది, 50కి 0.2 శాతమే. స్పీడు చూసేటప్పుడు తిన్నని, ఎత్తుపల్లాలు లేని దారిలో ఒకే వేగంతో పదిహేను సెకన్లు నడిపి జీపీఎస్ అంకె చూడాలి. వేగం మారేటప్పుడు జీపీఎస్ వెనకబడుతుంది.

మోటారుసైకిళ్ల సంగతి వేరు. పాతవాటిలో చాలావరకు మీటరు కేబులు ముందు చక్రం నుంచి వస్తుంది. వాటికి వెనక ఎంత లావు టైరు వేసినా మీటరు మారదు. కొన్నిటిలో సెన్సరు గేరుబాక్సు దగ్గర ఉంటుంది. వాటికి వెనక స్ప్రాకెట్‌ను, అంటే చైను తిప్పే పళ్ల చక్రాన్ని, 42 పళ్ల నుంచి 40కి తగ్గిస్తే టైరు ముట్టుకోకుండానే మీటరు దాదాపు 5 శాతం తక్కువ చూపిస్తుంది. కాబట్టి మెకానిక్‌ను మొదట అడగాల్సింది మీటరుకు సంకేతం ఎక్కడి నుంచి వస్తోందని.

సరిచేసే దారీ దాన్నిబట్టే. కేబులు మీటరున్న కారైతే గేరుబాక్సులో కేబులును తిప్పే ప్లాస్టిక్ గేరు మార్చాలి. 25 పళ్లదాని బదులు 24 పళ్లది వేస్తే కేబులు 4.2 శాతం వేగంగా తిరుగుతుంది. పైన చెప్పిన టైరుకు అది అతికినట్టు సరిపోతుంది. అయితే ప్రతి గేరుబాక్సుకూ కావలసినన్ని పళ్ల గేరు దొరకదు. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సర్ల నుంచి వేగం తీసుకునే కార్లలో టైరు చుట్టుకొలత కంప్యూటరులో నమోదై ఉంటుంది. కొన్నిటిలో స్కానరుతో మార్చవచ్చు, కొన్నిటిలో కంపెనీ ఇచ్చిన రెండు మూడు కొలతల్లోంచి మాత్రమే ఎంచుకోవాలి, మరికొన్నిటిలో అసలు కుదరదు. గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, సరిచేశాక ఓడోమీటరు నిజం చెబుతుంది, స్పీడు ముల్లు మళ్లీ నాలుగైదు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి పని పాడుచేశారని మెకానిక్‌తో గొడవ పడనక్కర్లేదు.

సరిచేయడం కుదరకపోతే టైర్లు మార్చిన రోజునే సర్వీసు పుస్తకంలో ఒక్క వరుస రాసి పెట్టుకోవాలి: తేదీ, ఓడోమీటరు అంకె, పాత కొలత 185/65 ఆర్15, కొత్త కొలత 205/65 ఆర్15, ఇక్కడి నుంచి మీటరు దూరాన్ని 1.042తో హెచ్చవేయాలి అని.

ఇట్లు,
మీ పాఠకుడు