దేవమాలి దారిలో మా అమ్మాయిని మోసుకొచ్చిన వారందరికీ కృతజ్ఞతలు

ఒడిశాలోని కొరాపుట్, సిమిలిగుడ, సునాబెడ, జయపురం ప్రాంతాలలో ఉంటున్న మన తెలుగువారిలో చాలామందికి మా అన్నయ్యగారి అమ్మాయి దేవమాలి కొండ దారిలో సైకిలు మీద నుంచి పడిన సంగతి, కాలు విరిగిన సంగతి ఈపాటికి తెలిసే ఉంటాయి. ఫోను చేసి పరామర్శించిన వారికి, ఆసుపత్రికి వచ్చి పలకరించిన వారికి ఆ హడావుడిలో సరిగా జవాబు చెప్పలేకపోయాము. అమ్మాయికి ఆపరేషను బాగా జరిగింది. ఇంటికి తీసుకువచ్చాము. చంకకర్రల ఊతంతో గదిలో నాలుగడుగులు వేస్తోంది, వేళకు అన్నం తింటోంది, కాలేజీ పాఠాలు పోతున్నాయని దిగులు పడుతోంది. అయితే ఈ నాలుగు మాటలు రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ఆమెను కొండ దించి, రోడ్డుకు చేర్చి, ఆసుపత్రికి అందించిన వారిలో చాలామందికి ఈ రాత చేరదు. చదివిన వారిలో ఆ వైపు వెళ్ళేవారు ఉంటే వారికి చదివి వినిపిస్తారనీ, వారు చేసిన సాయం ఎటువంటిదో మన వాళ్ళందరికీ తెలుస్తుందనీ రాస్తున్నాను.

మా ఆదివారపు సైకిలు ప్రయాణాల గురించి తెలియని వారికి కొద్దిగా చెప్పాలి. సునాబెడలో ఉద్యోగాలు చేసే కొందరు మిత్రులు, జయపురంలో వ్యాపారాలు చేసే మా బంధువులు, సుంకి ఘాటు మీదుగా సైకిళ్ళు బండికి కట్టుకుని సాలూరు నుంచి వచ్చే స్నేహితులు, వీలు కుదిరిన వారాలలో కలిసి కొండ దారులు పడతాము. ఇళ్ళలోని ఆడవారు, పిల్లలు కూడా వస్తారు. చిన్నపిల్లలూ పెద్దవారూ కొండ దిగువన తారు రోడ్డు మీద తొక్కుకుంటారు. అలవాటున్న వారు పైకి ఎక్కి కాలిబాటల వెంట దిగుతారు. ఒడిశాలో అన్నిటికంటె ఎత్తయిన శిఖరం దేవమాలి, 1,672 మీటర్లు. పైదాకా బండ్లు వెళ్ళే రోడ్డు ఉన్నా మా ఇష్టమంతా ఆ రోడ్డును విడిచి ఊళ్ళ మధ్యగా పోయే మట్టిబాటల మీదనే. గుబ్బల టైర్లు, ముందు ఫోర్కులో షాక్ అబ్జార్బర్లు, డిస్కు బ్రేకులు ఉన్న సైకిళ్ళు ఇటువంటి బాటల కోసమే చేసినవి. కానీ ఆ బాటలు మాత్రం సైకిళ్ళ కోసం వేసినవి కావు. పొలానికి, కట్టెలకు, సంతకు, బడికి అక్కడి ఆదివాసీ కుటుంబాలు తరతరాలుగా నడిచి నడిచి చేసుకున్న దారులవి. మేము వాటి మీద అతిథులం.

వలిసెలు పూసే రోజులు కావడంతో కొండవాలు పొలాలన్నీ పసుపుపచ్చగా ఉన్నాయి. వానలు వెనక్కి తగ్గి బాట పైకి ఎండినట్టే కనిపించింది. దిగుడులో ఒకచోట వాననీరు కోసిన గాడి దారికి ఏటవాలుగా ఉంది. గట్టి నేల మీద బఠాణీ గింజలంత గులకరాళ్ళు పరుచుకుని ఉన్నాయి. అటువంటి చోట టైరు నేలను పట్టుకోదు, రాళ్ళ మీద జారుతుంది. అమ్మాయి ముందు చక్రం అలాగే పక్కకు జారింది. కుడివైపు పడింది. కాలు సైకిలు ఫ్రేముకీ ఒక బండరాయికీ మధ్య ఇరుక్కుపోయింది. వెనుక వస్తున్న నేను దగ్గరకు చేరేసరికి తెలివిలోనే ఉంది, "చిన్నాన్నా, కాలు" అని మాత్రం అంది. మోకాలి కింద కాలు ఉండవలసిన తీరులో లేదు.

మా దగ్గర దూది, గాజుగుడ్డ, మందు సీసాలు ఉన్నాయి. విరిగిన కాలికి కావలసినవి అవి కావు. ఫోనులో సిగ్నలు లేదు. ఆ సమయంలో పై మడిలో చోళ్ళు (రాగులు) కోస్తున్న కొందరు కొడవళ్ళు అక్కడే వదిలి పరుగున దిగి వచ్చారు. వారిలో ఒక పెద్దాయన సాలూరు సంతకు వెళ్ళి వస్తూ ఉండే మనిషి కావడంతో తెలుగు బాగా మాట్లాడారు. మాలో ఒకరు అమ్మాయిని లేపి కూర్చోబెట్టబోతే ఆయన చేయి అడ్డం పెట్టి, "కదపకండి బాబూ, ముందు బద్దలు కట్టీసి అప్పుడు లేపుదాం" అన్నారు. ఆ ఒక్క మాట ఎంత విలువైనదో తరువాత ఆసుపత్రిలో తెలిసింది. మోకాలి కింది పెద్ద ఎముక ముందువైపు చర్మానికి ఆనుకునే ఉంటుంది. విరిగిన కొస కదిలిందంటే చర్మాన్ని చీల్చుకుని బయటకు రావచ్చు, అప్పుడు గాయం చీము పట్టి ఎముక దాకా పాకే ప్రమాదం ఉంటుంది.

ఆయన అక్కడే వెదురు చీల్చి బద్దలు చేశారు. అంచులు ఒరుసుకోకుండా కొడవలితో గీకారు. ఆయనతో వచ్చిన ఒక తల్లి తల మీది చుట్టకుదురు తీసి, విప్పి, మడతపెట్టి చీలమండ కింద మెత్తగా సర్దారు. తొడ మధ్య నుంచి పాదం దాకా రెండు పక్కలా బద్దలు ఉంచి, విరిగిన చోటు మీద ముడి పడకుండా పైనా కిందా గుడ్డతో కట్టారు. కట్టాక అమ్మాయి బూటు తాడు వదులు చేసి, వేళ్ళు ముట్టుకుని చల్లబడ్డాయేమో చూశారు. ఇన్ని చేస్తున్నంతసేపూ ఆ తల్లి అమ్మాయి తలను ఒడిలో పెట్టుకుని తన భాషలో ఏదో చెబుతూనే ఉన్నారు. మాకు అర్థం కాకపోయినా అమ్మాయి ఏడుపు ఆపింది.

తరువాత డోలీ కట్టారు. గట్టి వెదురు గెడకు దుప్పటి రెండు కొసలూ ముడివేసి అందులో అమ్మాయిని పడుకోబెట్టారు. దిగుడులో గెడ ముందుకు వాలిపోకుండా పొడవైన వారు ముందు, పొట్టివారు వెనుక పట్టారు. మరో నలుగురు పక్కన నడుస్తూ భుజం మార్చుకున్నారు. ఒకరు ముందు వెళ్ళి కొమ్మలు వంచి పట్టుకున్నారు. మేము మోస్తామంటే, అలవాటు లేని వారు అడుగు తడబడతారని మర్యాదగానే వద్దన్నారు. నిజమే, ఆ బాట మీద వారి పాదాలకున్న నిలకడ మా బూట్లకు లేదు. ఆ డోలీ వారు మా కోసం అప్పటికప్పుడు కనిపెట్టినది కాదు. వారి ఇళ్ళలో నొప్పులు వచ్చిన గర్భిణులను, జ్వరంతో పడిపోయిన ముసలివారిని రోడ్డు దాకా చేర్చేది ఆ విధంగానే. అంత చకచకా ముడులు పడ్డాయంటే అవి ఎన్ని కష్టాలలో పడిన ముడులో ఊహించుకోవచ్చు. ఈ మాట రాస్తుంటే నాకు గొంతు పట్టుకుంటోంది. వారు తమ కష్టంతో నేర్చుకున్న విద్యను ఏ సంబంధమూ లేని మా బిడ్డ కోసం, కోత పని ఆపుకుని, వాడారు.

ఆ ఊరి ఆశా కార్యకర్తకు కూడా ఇక్కడే నమస్కారం చేస్తున్నాను. కబురు అందిన వెంటనే ఆమె సిగ్నలు దొరికే గుట్ట మీదకు ఎక్కి 108కి ఫోను చేశారు. అంబులెన్సు ఆ మట్టిదారి పైదాకా రావడం కుదరదని ఆమెకు తెలుసు కనుక ఎక్కడ ఆగాలో, ఏ మలుపు గుర్తో వారికి ఒడియాలో వివరంగా చెప్పారు. దెబ్బ ఎక్కడ తగిలింది, తెలివి ఉందా, రక్తం పోతోందా అన్నవి ముందే చెప్పి ఉంచడం వల్ల అంబులెన్సులోని వారు అన్నీ సిద్ధం చేసుకునే వచ్చారు. ఆమె మాతోపాటు కొరాపుట్ దాకా వచ్చారు. తిరిగి వెళ్ళేసరికి ఎంత పొద్దుపోయి ఉంటుందో, ఇంట్లో ఎవరు వంట చేసి ఉంటారో అప్పుడు మాకు తోచనే లేదు. ఆమె మాత్రం ఆ ఊసే ఎత్తలేదు.

కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి 2017లో మొదలయింది. అంతకుముందు ఇటువంటి దెబ్బలు తగిలితే మన వారు చాలామంది ఘాటు దిగి విశాఖపట్నం దారి పట్టేవారు. విరిగిన కాలితో ఆ మలుపులన్నీ దిగడం ఎంత నరకమో చెప్పనక్కరలేదు. 1943లో బరంపురం జైలులో ఉరికంబం ఎక్కిన స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్ ఈ కొండల బిడ్డే కనుక ఆయన పేరున్న చోట మా బిడ్డకు ప్రాణం కుదుటపడిందని తలచుకుంటే మనసుకు ఎంతో నిండుగా ఉంది. ఎముకల విభాగం డాక్టరుగారు కట్టు విప్పుతూ "ఇది ఎవరు కట్టారు?" అని అడిగి, విషయం విని, పక్కనున్న విద్యార్థులను పిలిచి చూపించారు. మోకాలు, చీలమండ రెండూ కదలకుండా కట్టడమే సరైన పద్ధతి అని వారికి వివరించారు. పెద్ద ఎముక లోపల రాడ్డు వేసి నిలబెట్టారు. చిన్న ఎముక దానంతట అదే అతుక్కుంటుందన్నారు.

రాత్రి డ్యూటీ నర్సులను ప్రత్యేకంగా తలచుకోవాలి. ఇటువంటి దెబ్బలలో పిక్క కండరాలు లోలోపల వాచి, ఆ ఒత్తిడికి రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంటుందట. సకాలంలో గుర్తించకపోతే కాలికే ముప్పు. అందుకని వారు రాత్రంతా వచ్చి వేళ్ళు కదిపించి, నొప్పి పెరిగిందా, తిమ్మిరి ఉందా అని అడిగి వెళుతూనే ఉన్నారు. పక్క మంచం ముసలమ్మకు కూడా అదే ఓపికతో చేశారు. మా వదిన ఆ రెండు మంచాల మధ్య కూర్చుని అంతా చూసింది, ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ అమ్మాయిల మాటే చెబుతోంది. రక్తం అవసరమవుతుందేమోనని జయపురం నుంచి బయలుదేరి వచ్చిన ఒడియా, తెలుగు మిత్రులకు, వార్డులో అన్నం, మజ్జిగ అందించిన సునాబెడ కుటుంబాలకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాము.

మా సైకిలు మిత్రులు ఆ రోజు సైకిళ్ళన్నీ మోసుకుని, తోసుకుని దించారు, పిల్లలను భయపడకుండా ఇళ్ళకు చేర్చారు. విజయనగరంలోని మెకానిక్ మిత్రుడు అమ్మాయి సైకిలుకు వెనుక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే, వంగిపోయిన హ్యాంగరు మార్చి, చక్రం వంకర తీసి, మజూరీ పుచ్చుకోలేదు. ఆయనే హెల్మెట్టు తీసి చూపించారు. పైపెంకు మీద చిన్న గీత తప్ప ఏమీ లేదు, కానీ లోపలి తెల్లని నురగ పొర కణత దగ్గర నొక్కుకుపోయి చీలింది. తలకు తగలవలసిన దెబ్బను ఆ పొర నలిగిపోయి తనలోకి తీసుకుంటుంది; ఒకసారి నలిగితే మళ్ళీ కాపాడలేదు కనుక బయటకు బాగున్నట్టు కనిపించినా దాన్ని ఇక వాడకూడదు. పిల్లలను సైకిళ్ళ మీద పంపే తల్లిదండ్రులందరూ దయచేసి ఈ సంగతి గుర్తుంచుకోండి. తారు రోడ్డే కదా, దగ్గరే కదా అని హెల్మెట్టు లేకుండా పంపకండి.

అమ్మాయి ఇంటికి వచ్చాక అన్నయ్య, నేను ఆ ఊరు వెళ్ళాము. డబ్బు మాట ఎత్తితే పెద్దాయన తల అడ్డంగా ఊపి, అమ్మాయి అన్నం తింటోందా అని అడిగారు. చోడి అంబలి ఇచ్చి కూర్చోబెట్టారు. ఊరికి ఏది అవసరమో ఆశా కార్యకర్తను అడిగితే, మడతపెట్టే స్ట్రెచరు, ఎముకలు విరిగినప్పుడు కట్టే తయారు బద్దలు ఉంటే బాగుంటుందన్నారు. మా మిత్రులందరం కలిసి అవి కొని ఆమె ఇంటి దగ్గర ఉంచాము. చేసినదానికి బదులు కాదు, బదులు తీర్చగలిగినదీ కాదు. ఇకముందు మేము ఆ బాటలు పట్టేముందు ఊరిలో ఆగి అడిగి వెళ్ళాలని, కోతల రోజులలో రోడ్డు మీద ఆరబోసిన పంట మీదుగా చక్రం పోనివ్వకూడదని, నేల తడిగా ఉన్నప్పుడు తొక్కకూడదని అనుకున్నాము. తడి బాట మీద చక్రం చేసిన గాడిలోనే మరుసటి వానకు నీరు పారి దారిని కోసేస్తుంది. ఆ కోసిన దారి మీద తలపై మోపుతో నడవవలసింది వారు. ఈ వైపు సైకిళ్ళు తెచ్చే మిత్రులందరూ ఇలాగే చేయాలని చేతులు జోడించి కోరుతున్నాను.

ఒక్కరికి మాత్రం ఇంతవరకూ ఎదురుపడి కృతజ్ఞత చెప్పలేకపోయాము. డోలీ దిగిన చోటు నుంచి అంబులెన్సు ఆగిన మలుపు దాకా మట్టిదారిలో మమ్మల్ని తీసుకువెళ్ళినది అల్లం బస్తాలతో వెళుతున్న ఒక తెల్లని బొలెరో పికప్ డ్రైవరు. అడగక ముందే బండి ఆపి, బస్తాలు తానే దింపి గట్టున పేర్చి, తన కంబళి పరిచి అమ్మాయిని పడుకోబెట్టనిచ్చారు. గతుకులు తగలకుండా నడక వేగంతో నడిపారు. అంబులెన్సులోకి మార్చే తొందరలో ఆయన పేరు అడగలేదు, ఆయన కూడా ఏమీ ఆశించకుండా బస్తాల కోసం వెనక్కి వెళ్ళిపోయారు. నలుపు, ఎరుపు చారల కంబళి ఆయనది మా దగ్గరే ఉంది, ఉతికించి ఉంచాము. సిమిలిగుడ, పొట్టంగి మధ్య అల్లం తోలే బండ్లవారిలో ఆయనెవరో మీకు తెలిస్తే, అమ్మాయి కోలుకుంటోందని చెప్పండి, తానే వచ్చి కంబళి ఇచ్చి నమస్కారం చేసుకుంటానని అంటోందని కూడా చెప్పండి. సిమిలిగుడలో ఆదివారం పొద్దున్నే సైకిళ్ళతో కనిపించే మాలో ఎవరికి కబురు చేసినా చాలు, ఆయన ఎక్కడుంటే అక్కడికే వెళతాము.