సంచి పారేయకండి: సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు, కుక్కలు, పిల్లులు పెంచుకునే మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ భాగం ఒక్క విషయానికే పోయింది. కుక్కకో పిల్లికో కొని పెడుతున్న ఫుడ్ మీద అనుమానం వస్తే ఏం చేయాలన్నదే ఆ విషయం.

వచ్చిన ఫిర్యాదులు చాలావరకు ఒకే తీరున ఉన్నాయి. ఎప్పుడూ కొనే బ్రాండే, కొత్త సంచి విప్పారు, కొద్ది రోజులకు వాంతులు మొదలయ్యాయి, తర్వాత గిన్నె దగ్గరికి రావడమే మానేసింది. సంచి ఏదని అడిగితే, ఫుడ్ గుళికలు డబ్బాలో పోసి సంచి చెత్తబండికి వేశామన్నారు. ఫిర్యాదు అక్కడితో ఆగిపోయింది. కంపెనీకి ఉత్తరం రాసినా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా మొదట అడిగేది బ్యాచ్ నంబరే. అది సంచి మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. చాలా సంచులకు దాన్ని పైకుట్టు పక్కనో వెనకవైపు అడుగునో చుక్కల అక్షరాలతో సిరా చల్లి ముద్రిస్తారు. గుళికల నూనె అంటిన బొటనవేలితో నాలుగుసార్లు రుద్దితే చెరిగిపోయే ముద్ర అది. అందుకే సంచి విప్పకముందే దానికి ఫోటో తీయమని ప్రతి సమావేశంలోనూ చెబుతూ వచ్చాం. బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు, కంపెనీ చిరునామా, బయటి దేశం సరుకైతే దిగుమతిదారు స్టిక్కరు, ఇవన్నీ ఫోటోలో పడాలి.

ఫుడ్ సేఫ్టీ వాళ్లు ఎందుకు రారు

పాలలో కల్తీ ఉందంటే ఫుడ్ సేఫ్టీ అధికారి వస్తారు. డాగ్ ఫుడ్ అంటే రారు. ఇందులో వారి అశ్రద్ధ ఏమీ లేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 'ఆహారం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే పశువుల దాణాను పక్కన పెట్టింది. కుక్కలు, పిల్లుల ఆహారానికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఐఎస్ 11968:2019 అనే ప్రమాణం రాసింది కానీ పాటించడం కంపెనీ ఇష్టం. కాబట్టి మనకు మిగిలిన దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ చేయాలి. ఫోన్ కాల్‌కు రుజువు ఉండదు. తర్వాత జాతీయ హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్. ఘటన జరిగిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. సరుకుకు మనం చెల్లించిన ధర ఐదు లక్షలు దాటనంతవరకు ఫీజు లేదు.

సభ్యులు తరచు పొరబడే చోటు ఒకటుంది. విప్పిన సంచిలోంచి తీసి మనంతట మనం చేయించిన పరీక్షను కంపెనీ వకీలు తేలిగ్గా కొట్టేస్తారు. మీ ఇంట్లో తేమకు బూజు పట్టిందంటారు. దీనికి ఒకటే మందు. అనుమానం వచ్చిన రోజే అదే దుకాణానికి వెళ్లి అదే బ్యాచ్ సంచి ఇంకొకటి, అన్నిటికన్నా చిన్నదైనా సరే, బిల్లుతో కొని విప్పకుండా పెట్టండి. కమిషన్ తానే నమూనాకు సీలు వేయించి ల్యాబ్‌కు పంపగలదు. అప్పుడు ఆ సంచికి ఉండే విలువ మరి దేనికీ ఉండదు.

కంటికి కనపడని విషం

ఈ ఏడాది ఎక్కువ చర్చ జరిగింది అఫ్లాటాక్సిన్ అనే విషం మీద. మక్కజొన్న, పల్లీల మీద పెరిగే ఆస్పర్జిల్లస్ జాతి బూజు దీన్ని తయారు చేస్తుంది. చౌకగా దొరికే డ్రై ఫుడ్‌లో మక్కజొన్నదే పెద్ద వాటా. అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారానికి పెట్టిన హద్దు 20 పీపీబీ, అంటే కిలోకు 20 మైక్రోగ్రాములు. అక్కడే 2020 డిసెంబరులో ఒక కంపెనీ సంచులను వెనక్కి రప్పించారు. వాటిని తిని చనిపోయిన జంతువుల లెక్క మరుసటి నెలకు 110 దాటింది.

కుక్కలకు ఇది ఎందుకింత చేటు చేస్తుందంటే, మనం పూటకొక కూర తింటాం, కుక్క ఒకే సంచిలోంచి రెండు పూటలా నెలల తరబడి తింటుంది. సంచిలో విషం ఉంటే ప్రతి ముద్దలోనూ కాలేయానికి చేరుతుంది.

మిరపకాయలు, పల్లీలు ఆరబెట్టే అలవాటుతో కొందరు సభ్యులు బూజు వాసన వచ్చిన గుళికలను మేడ మీద ఎండబెట్టి మళ్లీ పెట్టారు. దయచేసి ఆ పని చేయకండి. ఎండకు తేమ పోతుంది, బూజు ఆగుతుంది, అది అప్పటికే వదిలిన విషం మాత్రం అలాగే ఉంటుంది. అన్నంలో కలిపి ఉడకబెట్టినా అంతే. వంటింటి వేడి దానికి చాలదు. ఇంకో మాట, బూజు కనపడని గుళికలో కూడా విషం ఉండొచ్చు, ఎందుకంటే చెడిన మక్కజొన్న ఫ్యాక్టరీలోనే పిండై కలిసిపోయి ఉంటుంది. మంచి రంగు, మంచి వాసన భరోసా కావు.

నమూనా తీయడంలోనే చాలా పరీక్షలు చెడిపోతున్నాయి. మన పక్కనే పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థలో పల్లీల అఫ్లాటాక్సిన్ మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. ఈ విషం అంతటా సమంగా పరుచుకోదు, అక్కడక్కడ గుంపులుగా ఉంటుంది. పైనుంచి గుప్పెడు తీసి పంపితే శుభ్రంగా ఉందని రావచ్చు. 20 కిలోల సంచిలో పైన, నడుమ, అడుగున, అంచుల దగ్గర, కనీసం పది చోట్ల పొడి స్టీలు గరిటెతో తీయండి. మొత్తం రెండు కిలోలు కావాలి. శుభ్రమైన కాగితం మీద కుప్ప పోసి బాగా కలిపి, చదును చేసి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచి మిగతాది సంచిలో వేయండి. ఉంచిన కిలోను మళ్లీ కలిపి అరకిలో చొప్పున రెండు జిప్ కవర్లలో కట్టండి. ఒకటి ల్యాబ్‌కు, ఒకటి మీ దగ్గర ఫ్రీజర్‌లో. కవరు మీద తేదీ, బ్రాండు, బ్యాచ్ రాసి, పక్కనే సంచి పెట్టి ఫోటో తీయండి.

ల్యాబ్‌లో 'ఇది టెస్ట్ చేయండి' అంటే సరిపోదు, దేనికోసమో పేరు పెట్టి చెప్పాలి. ఇందుకు పాఠం 2007లో వచ్చింది. గోధుమ గ్లూటెన్‌లో (గోధుమ ప్రొటీన్‌లో) మెలమిన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపిన సరుకుతో చేసిన ఫుడ్‌ను ఆ మార్చిలో అమెరికా, కెనడాల్లో కోట్ల డబ్బాల లెక్కన వెనక్కి తీసుకున్నారు. మామూలు ప్రొటీన్ పరీక్ష నిజానికి కొలిచేది నైట్రోజన్‌ను, దాన్ని 6.25తో గుణించి ప్రొటీన్ అంటారు. మెలమిన్ బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. ఆ పరీక్షలో విషం పోషకంగా లెక్కకొచ్చింది. అదే సరుకులో ఉన్న సయనూరిక్ ఆమ్లంతో కలిసి అది మూత్రపిండాల్లో స్ఫటికాలు కట్టింది. కాబట్టి కామెర్లు, రక్తస్రావం ఉంటే అఫ్లాటాక్సిన్ బీ1, బీ2, జీ1, జీ2 అని రాయించండి. మూత్రపిండాలు దెబ్బతింటే మెలమిన్, సయనూరిక్ ఆమ్లం అని రాయించండి. ఏది రాయాలో మీ డాక్టరునే అడగండి.

నేరం తిండిదేనా?

ఇక్కడ తొందరపడకూడదు. చిగుళ్లు, కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగుకు తిరగడం, మలంలో రక్తం, పొట్ట చర్మం మీద కమిలిన మచ్చలు, ఇవన్నీ అఫ్లాటాక్సిన్ లక్షణాలే. కానీ హైదరాబాద్‌లో పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లోనూ రక్తస్రావం ఉంటుంది, కొన్ని రకాల్లో చిగుళ్లు పచ్చబడతాయి కూడా. వానాకాలం నిలవనీళ్లలో ఎలుకల మూత్రం నుంచి అంటుకునే లెప్టోస్పైరోసిస్‌లో కామెర్లతో పాటు మూత్రపిండాలూ పాడవుతాయి. కొన్ని రకాల ఎలుకల మందు తిన్నా రక్తం గడ్డకట్టదు. అందుకే రక్తపరీక్షలో కాలేయం, మూత్రపిండాల స్థితి చెప్పే ఏఎల్‌టీ, బిలిరుబిన్, అల్బుమిన్, క్రియాటినిన్, వాటితో పాటు ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే సమయం చూడాలి, టిక్ ఫీవర్ పరీక్ష కూడా చేయించాలి. ఒకే సంచి తింటున్న రెండు జంతువులూ జబ్బుపడితే తిండి మీద అనుమానం బలపడుతుంది.

అనుమానం రాగానే ఆ ఫుడ్ ఆపండి, పారేయకండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం ప్రమాదం, ఒంట్లో సోడియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో ఉన్న పారాసెటమాల్ వేయొద్దు. పిల్లికి ఒక్క మాత్రే ప్రాణాంతకం. చిగుళ్లు పచ్చగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా చూడొద్దు. అఫ్లాటాక్సిన్‌కు విరుగుడు లేదు. సెలైన్, విటమిన్ కె, కాలేయానికి అండనిచ్చే మందులతో నిలబెట్టాలి. త్వరగా తెచ్చినవాటికే అవకాశం ఎక్కువ.

ప్రాణం పోతే, ఆ దుఃఖంలో చెప్పడానికి నోరు రాని మాటే అయినా చెప్పాలి. కారణం తెలుసుకోవాలనుకుంటే శరీరాన్ని ఐసు ప్యాకుల మధ్య చల్లగా ఉంచండి, గడ్డకట్టనివ్వొద్దు. గడ్డకడితే కణజాలం చిట్లి, సూక్ష్మదర్శిని కింద ఏమీ తేలదు. 24 గంటలలోపు పోస్టుమార్టం జరగాలి. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. కాలేయం, మూత్రపిండం ముక్కలు కొన్ని వాటికి పదింతల ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా ఉంచే ద్రావణం), కొన్ని విషపరీక్ష కోసం ఫ్రీజర్‌లో పెట్టమని అడగండి. దహనం ఆ తర్వాతే.

లూజు ఫుడ్, పెద్ద సంచులు

20 కిలోల సంచి విప్పి కిలోల లెక్కన అమ్మే దుకాణాల మీద సంఘం అభిప్రాయం గట్టిది: కొనొద్దు. బ్యాచ్ ఉండదు, గడువు ఉండదు, సంచి ఎన్నాళ్లుగా నోరు తెరుచుకుని ఉందో తెలియదు. కొత్త సంచి అడుగున పాతది మిగిలిందో లేదో తెలియదు. డబ్బు కలిసొస్తుందన్న సభ్యుల మాట మాకు అర్థమవుతుంది. అలాంటప్పుడు ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి ఒక సంచి కొని విప్పిన రోజే పంచుకోండి, బ్యాచ్ ఫోటో అందరి దగ్గరా ఉంచుకోండి.

విప్పిన డ్రై ఫుడ్ ఆరు వారాల్లో అయిపోవాలి. 20 కిలోల బరువున్న కుక్కకు రోజుకు సుమారు 300 గ్రాములు పడుతుంది. 20 కిలోల సంచి రెండు నెలలు దాటుతుంది, 10 కిలోలది నెల రోజులకు సరిపోతుంది. లెక్క చూసుకుని చిన్నదే కొనండి.

గుళికలను సంచితో సహా మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. నేరుగా ప్లాస్టిక్ డబ్బాలో పోస్తే గోడలకు అంటిన కొవ్వు ముక్కిపోయి తర్వాతి సంచిని కూడా చెడగొడుతుంది. 27 డిగ్రీలలోపు ఉండాలన్నది నియమం. మే నెలలో మన బాల్కనీల్లో అది కుదరదు, ఇంట్లో చల్లటి గదిలోకి మార్చండి. వానాకాలంలో నేల మీద, గోడకు ఆనించి పెట్టొద్దు, పీట వేయండి. తేమ అడుగు నుంచే ఎక్కుతుంది. ఒక గుళిక వేళ్ల మధ్య విరిచి చూడండి. టక్కున విరిగితే పొడిగా ఉన్నట్టు, వంగినా మెత్తగా నలిగినా తేమ పట్టినట్టు. రంగుడబ్బా వాసన వస్తే కొవ్వు ముక్కిపోయినట్టు.

కోడి కాళ్లు, తలకాయలు

చికెన్ దుకాణంలో చౌకగా దొరికేవాటిని పచ్చిగా పెట్టడం మన దగ్గర మామూలే. పచ్చి మాంసంలో ఉండే సాల్మొనెల్లా అనే బాక్టీరియా కుక్కకు ఏమీ చేయకపోయినా గిన్నె కడిగే చేతికి, నేల మీద పాకే పిల్లలకు అంటుతుంది. ఈ ఏడాది ఇంకో కారణం తోడైంది. 2024 డిసెంబరులో నాగపూర్ గోరెవాడ జంతు సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత బర్డ్ ఫ్లూతో చనిపోయాయి. 2025 ఫిబ్రవరిలో అదే జబ్బు గోదావరి జిల్లాల కోళ్లఫారాలకు వచ్చింది. పిల్లులకు ఈ వైరస్ మరీ ప్రమాదం. ముక్క నడుమ 74 డిగ్రీలు వచ్చేలా, అంటే ఎక్కడా ఎరుపు లేకుండా ఉడికించి, ఎముకలు తీసేసి పెట్టండి. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది.

మార్చిలో రంజాన్ రోజుల్లో మిగిలిన హలీం, బిర్యానీ పెట్టొచ్చా అని చాలామంది అడిగారు. వద్దు. కొవ్వు సంగతి అటుంచితే, ఉల్లిపాయ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. హాని జరగడానికి కుక్కకు ఒంటి బరువులో కిలోకు 15 గ్రాములు, పిల్లికి 5 గ్రాములు చాలు. నాలుగు కిలోల పిల్లికి అది 20 గ్రాములే. వేయించిన ఉల్లిలో నీరు పోయి ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువే చాలు.

మిగతా పనులు

ప్రపంచ జునోసిస్ (జంతువుల నుంచి మనుషులకు అంటే జబ్బుల) దినమైన జూలై 6కు ముందు రేబిస్ టీకా కార్డులన్నీ సరిచూశాం. కరిస్తే, గీరితే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే టీకాకు వెళ్లాలని మళ్లీ గుర్తుచేస్తున్నాం. ఇంటి కుక్క కరిచినా ఇదే నియమం. జీహెచ్‌ఎంసీ పెంపుడు కుక్కల రిజిస్ట్రేషన్ చేయించుకోనివారు టీకా పత్రం సిద్ధం చేసుకోండి.

వచ్చే ఏడాదికి సర్వసభ్య సమావేశం ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, సభ్యులు కొనే ప్రతి సంచి బ్యాచ్ వివరాలతో ఉమ్మడి రిజిస్టరు. ఇద్దరి ఫిర్యాదులు ఒకే బ్యాచ్‌వైతే అదే రోజు అందరికీ తెలిసిపోవాలి. రెండు, పేరున్న ల్యాబ్‌లో అఫ్లాటాక్సిన్ పరీక్ష ఖర్చులో సగం సంఘం నిధి నుంచి ఇవ్వడం. నమూనా ప్యాకెట్లు ఉంచడానికి సంఘం గదిలోని ఫ్రీజర్‌లో ఒక అర కేటాయించాం. నమూనా తెచ్చేవారు సంచి కూడా తీసుకురావాలి, ఖాళీదైనా సరే.