విశాఖ కచేరీని హైదరాబాద్‌కు తరలించినందున టికెట్ల సొమ్ము పూర్తిగా వాపసు ఇవ్వాలని ఫిర్యాదు

విశాఖపట్నం,
నవంబరు 10.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: డిసెంబరు 20 నాటి కచేరీకి కొన్న నాలుగు టికెట్ల సొమ్ము రూ.18,768 వాపసు గురించి.

ఆర్యా,

కొత్త ఆల్బమ్ విడుదలైన సందర్భంగా ఒక పాప్ గాయని పలు నగరాల్లో ఇవ్వబోతున్న కచేరీల జాబితాలో విశాఖపట్నం కూడా ఉందని ప్రకటించి, డిసెంబరు 20వ తేదీ ప్రదర్శనకు మీ సంస్థ టికెట్లు అమ్మింది. అక్టోబరు 12న నేను నాలుగు టికెట్లు కొన్నాను. నవంబరు 6వ తేదీ రాత్రి మీ నుంచి వచ్చిన ఈమెయిల్‌లో వేదిక మారిందనీ, కచేరీ అదే తేదీన హైదరాబాద్‌లో జరుగుతుందనీ, పాత టికెట్లే చెల్లుతాయనీ ఉంది. మర్నాడే సొమ్ము వాపసు కోరితే, కచేరీ రద్దు కాలేదు కనుక నిబంధనలు ఒప్పుకోవని జవాబిచ్చారు. ఆ జవాబు నాకు సమ్మతం కాదు.

బీచ్ రోడ్డు మైదానం వానకు తడిసి ముద్దయిందని కచేరీని పోర్టు స్టేడియానికో, మధురవాడ వైపో మార్చి ఉంటే దాన్ని వేదిక మార్పు అనవచ్చు; ఇంకో అరగంట ముందు బయలుదేరి వెళ్లేవాళ్లం, మీకు ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదు. హైదరాబాద్ మాకు రోడ్డు మార్గాన 600 కిలోమీటర్ల పైచిలుకు, రైల్లో రాత్రంతా ప్రయాణం. నలుగురికి రానూపోనూ ఛార్జీలు, ఒక రోజు బస, మా ఇద్దరి సెలవులు, మా అమ్మాయి ఇంటర్మీడియట్ తరగతులు అన్నీ లెక్కవేసుకుంటే ఆ ప్రయాణం మాకు సాధ్యం కాదు. విశాఖలో అని అమ్మిన కచేరీ విశాఖలో జరగడం లేదంటే, ఇక్కడ టికెట్ కొన్నవారికి అది రద్దయినట్టే.

2025 ఫిబ్రవరి 2న ఎడ్ షీరన్ రామోజీ ఫిల్మ్ సిటీలో పాడినప్పుడు కూడా మా అమ్మాయి వెళ్లాలని ఎంతో ఆశపడింది, పంపలేకపోయాం. అందుకు మేము ఎవరినీ తప్పుపట్టలేదు, ఎందుకంటే అది హైదరాబాద్ కచేరీ అని మొదటి నుంచీ అందరికీ తెలుసు. ఈసారి మన ఊరికే వస్తున్నారని మీరు చెప్పారు కనుకనే, టికెట్లు ముందస్తుగా బుక్ చేసుకునేందుకు సీడీతో ఇచ్చే కోడ్ కోసం ఆ పిల్ల తాను దాచుకున్న డబ్బుతో కొత్త ఆల్బమ్ సీడీ ముందుగానే కొనుక్కుంది. ఆ సీడీ సొమ్ము నేను అడగడం లేదు. అందులోని పాటలు మా ఇంట్లో రోజూ మోగుతూనే ఉన్నాయి. కానీ మద్దిలపాలెం కూడలిలో విశాఖపట్నం పేరుతో పెట్టిన హోర్డింగు నిన్నటికి కూడా అలాగే ఉంది. కాలేజీకి వెళ్తూ ఆమె రోజూ దాని కిందుగానే బస్సు ఎక్కుతోందని మీకు తెలియజేయడం అవసరమనుకుంటున్నాను.

ఇక సొమ్ము సంగతి. ఒక్కొక్కటి రూ.3,500 చొప్పున నాలుగు టికెట్లకు రూ.14,000, దానిపై 18 శాతం జీఎస్టీ రూ.2,520, కన్వీనియన్స్ ఫీజు జీఎస్టీతో కలిపి రూ.1,652, 'టికెట్ రక్షణ' పేరుతో రూ.596 వసూలు చేశారు. ఈ చివరి పద్దును నేను కోరలేదు. ఎనిమిది నిమిషాల్లో చెల్లించకపోతే సీట్లు పోతాయని తెర మీద గడియారం వెనక్కి పరుగెడుతుండగా, చెల్లింపు పేజీ అడుగున ఆ గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది; రసీదు వచ్చాక గాని నేను గమనించలేదు. పోనీ ఆ రక్షణ ఇప్పుడైనా అక్కరకు వస్తుందా అని అడిగితే, టికెట్ కొన్నవారు జబ్బుపడి డాక్టరు సర్టిఫికెట్ ఇస్తేనే వర్తిస్తుందన్నారు. కచేరీయే ఊరు దాటిపోయినప్పుడు పనికిరాని రక్షణకు డబ్బు తీసుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

కొనుగోలుదారు సమ్మతిని ముందే టిక్కు పెట్టిన గడుల ద్వారా తీసుకోకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. అడగని వస్తువునో సేవనో బిల్లులో చేర్చడాన్ని 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనుగోలుదారును ఏమార్చే ఎత్తుగడలు) మార్గదర్శకాలు నిషేధించాయి. చెప్పిన ఊళ్లో సేవ అందించకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపమేనని నా వాదన.

కాబట్టి రూ.18,768 మొత్తాన్ని, ఏ పద్దూ మినహాయించకుండా, నేను చెల్లించిన బ్యాంకు ఖాతాకే జమ చేయాలని కోరుతున్నాను. తదుపరి కచేరీలకు వాడుకునే కూపన్లు నాకు వద్దు. పైన చెప్పిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లోగా పరిష్కరించవలసిన బాధ్యత మీపై ఉంది. అలా జరగని పక్షంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. కొనుగోలుదారు నివసించే జిల్లాలోనే కేసు వేసే వీలును చట్టం కల్పించింది కనుక, అందుకోసం నేను హైదరాబాద్ రావలసిన పని లేదు.

టికెట్ల ప్రతులు, రసీదు, మీ ఈమెయిళ్లు, హోర్డింగు ఫొటో జతపరిచాను.

ఇట్లు,
భవదీయుడు,
నాలుగు టికెట్ల కొనుగోలుదారు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.