ఇస్త్రీ బండి తమ్ముడికి, వకీలు బాబాయికి, పై ఫ్లాట్ పిన్నిగారికి

ఇల్లు మారి మూడు వారాలైంది. సామాన్ల అట్టపెట్టెలు రెండు ఇంకా విప్పనే లేదు, అయినా మీ ముగ్గురికీ థాంక్స్ చెప్పే ఈ నాలుగు మాటలు ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

మా అమ్మాయి ఈ ఏడు పదో తరగతి. స్కూలు నారాయణగూడలో, మేముండేది బోడుప్పల్‌లో. పొద్దున్నే ఆటోలో ఉప్పల్, అక్కడ మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్, మళ్లీ రైలు మారి నారాయణగూడ. తొమ్మిదంతా అలాగే నెట్టుకొచ్చింది. సాయంత్రం వచ్చి బూట్లు కూడా విప్పకుండా సోఫాలో నిద్రపోయేది. పదికి ఇలా కుదరదనుకున్నాం.

మే ఎండలో హిమాయత్‌నగర్ నుంచి బర్కత్‌పుర దాకా టులెట్ బోర్డు కనిపించిన ప్రతి గేటు దగ్గరా ఆగాం. ఒకరు నాన్‌వెజ్ వండుతారా అన్నారు, ఇంకొకరు చుట్టాలెంతమంది వస్తారన్నారు. ఒక బ్రోకరైతే చూపించడానికే ఐదొందలు తీసుకుని, ముందు రోజే అద్దెకు పోయిన ఫ్లాట్‌కు తీసుకెళ్లాడు. జూన్ 12న బడి తెరుస్తారు. ఆషాఢం వచ్చిందంటే మా అత్తగారు కొత్తింట్లో పాలు పొంగించనివ్వరు. ఈ రెండూ రాకముందు ఉన్నది ఆ కాస్త గడువే.

స్కూలు ఎదురుగా చెట్టు కింద ఇస్త్రీ బండి. నీడకని ఆగితే ఆ తమ్ముడే అడిగాడు, "ఇల్లు చూస్తున్నరా అక్కా?" అని. ఆ వీధిలో ఎవరు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారో ఓనర్లకన్నా ముందు అతనికే తెలుస్తుంది, బట్టలు ఆగిపోతాయి కదా! "బోర్డు పెట్టకముందే పోయి మాట్లాడుండ్రి" అని రెండు అపార్ట్‌మెంట్లు చెప్పాడు. ఒకటి సరిగ్గా గేటు ఎదురే. నేను దానికే మొగ్గాను. వద్దన్నాడు. పొద్దున, సాయంత్రం ఆటోలు, వ్యాన్లు అడ్డం నిలిస్తే బండి బయటికి తీయలేరట, మైకులో ప్రార్థన, బెల్లు సరేసరి. వెనక వీధిలోది చూడమన్నాడు. నడిస్తే నాలుగు నిమిషాలు, కిటికీ తీస్తే వేపచెట్టు. అదే తీసుకున్నాం.

అగ్రిమెంట్ దగ్గర మా వారి స్నేహితుడి బాబాయి ఆదుకున్నారు, వకీలు. అందరూ రాసుకునేదే, 11 నెలలది. సంతకం పెట్టబోతుంటే వేలు ఒక లైను మీద పెట్టి ఆపారు. నెల ముందు చెప్పి ఓనరు ఖాళీ చేయించవచ్చని ఉంది. "పరీక్షలు మార్చిలో. జనవరిలో పొమ్మంటే ఎక్కడికి పోతావమ్మా?" అన్నారు. ఏప్రిల్ దాకా ఓనరు ఖాళీ చేయమనకూడదని పెన్నుతో రాయించి, పక్కన ఇద్దరిచేత సంతకాలు పెట్టించారు. వెళ్లేటప్పుడు రంగుల కోసం నెల అద్దె కోసుకుంటామన్న మాట కొట్టించి, అయిన ఖర్చు బిల్లు చూపించి తీసుకోవాలని మార్పించారు. దిగిన రోజే కరెంటు మీటరు ఫోటో తీసి పెట్టుకోమన్నదీ ఆయనే. ఓనరుగారు రిటైర్డ్ టీచరు, చదువు సంగతని తెలిసి కిమ్మనకుండా ఒప్పుకున్నారు. ఆయనకూ ఓ నమస్కారం.

పై ఫ్లాట్ పిన్నిగారు మొదటి రోజే రెండు బిందెల మంచినీళ్లు పంపారు. నల్లా రోజు విడిచి రోజు వస్తుందని, మోటారు ఎప్పుడు వేయాలో కూడా చెప్పారు. ఏ అగ్రిమెంట్‌లోనూ రాయరు ఇది.

బ్రోకరుకు ఇచ్చే నెల అద్దె మిగిలింది కదా అని, ఇస్త్రీ తమ్ముడికి కవరులో కొంత పెట్టి తీసుకెళ్లాను. ముట్టుకోలేదు. "బట్టలు నాకే వెయ్యక్కా, చాలు" అన్నాడు.

వేస్తున్నాం. మా వారి లుంగీలు కూడా ఇప్పుడు ఇస్త్రీకే వెళ్తున్నాయి.