గుర్రపుడెక్కను తీసి గట్టున పోస్తే సరిపోదు, మంత్రిగారూ

గౌరవనీయులైన జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రైవస్ కాలువ గట్టున ఉండేవాణ్ణి. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ మా బెజవాడ మధ్య నుంచే పారతాయి, మూడింటికీ గుర్రపుడెక్క బెడద ఉంది. సార్వా (వానాకాలం పంట)కు నీళ్లు వదిలే ముందు పొక్లెయిన్లు వస్తాయి, డెక్క తీసి గట్టున పోసి వెళ్లిపోతాయి. గట్టి వాన పడితే అందులో కొంత మళ్లీ కాలువలోకే జారుతుంది. దసరాకల్లా వంతెన స్తంభాల మధ్య పచ్చగా పరుచుకుని, మీద కొంగలు, సందుల్లో ఇరుక్కున్న ప్లాస్టిక్ సీసాలు.

ఒక మొక్కను పట్టి లాగి చూడండి. ఉబ్బిన కాడలు, కింద నల్లటి కుచ్చులాంటి వేళ్లు, పక్క తీగలకు రెండు మూడు పిల్లమొక్కలు. తీగ తెగితే ప్రతి పిల్లా సొంతంగా బతుకుతుంది. ఎండా మురుగూ బాగా అందితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. విత్తనాలైతే బురదలో 15, 20 ఏళ్లు ఉండి కూడా మొలుస్తాయి.

ఇది దక్షిణ అమెరికా మొక్క. ఉదా పూలు ముచ్చటగా ఉన్నాయని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చారు (పూలు బాగుంటాయి, కాదనను). పుట్టిన చోట దీన్ని తినే పురుగులు మాత్రం వెంట రాలేదు. డెక్క కమ్ముకున్న చోట వెలుతురు దిగదు, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. పైకొచ్చి గాలి పీల్చే కొర్రమీను ఎలాగో నెట్టుకొస్తుంది గానీ బొచ్చె, శీలావతి తట్టుకోలేవు. మాన్సోనియా దోమ లార్వాలు ఈ వేళ్లకే గుచ్చుకుని గాలి తీసుకుంటాయి. పైకి రానక్కర్లేదు కాబట్టి నీటిపై నూనె చల్లినా వాటికి పెద్దగా లెక్కలేదు.

2024 సెప్టెంబరులో మా ఊళ్లో సింగ్‌నగర్ మునిగింది బుడమేరు వాగుకు పడ్డ గండ్ల వల్ల, ఆ పాపం డెక్క మీద వెయ్యను. కానీ నీరు త్వరగా లాగాల్సిన చోట ఇది అడ్డమే. కాలువ చివరి భూముల రైతును అడిగితే ఇంకా బాగా చెబుతాడు.

కాలువలకు నీళ్లు ఆపేసే వేసవిలోనే డెక్క తీసే పని మొదలుపెట్టించండి. అప్పుడు డెక్క బురద మీద చిక్కి ఉంటుంది, తీయడం తేలిక. తీసింది ఆ రోజే ట్రాక్టర్లలో తరలించి ఎరువు చేయించాలి. అందులో తొంభై శాతం పైగా నీరే, ఆరితే బరువే ఉండదు. నీళ్లు వదిలాక బురదలోంచి కొత్త మొలకలు వస్తాయి. వాటిని ఏరడానికి పొక్లెయిన్ ఎందుకు? కాలువలు చూసుకునే లస్కర్లకు తోడు ఇద్దరు మనుషులు, ఒక పడవ చాలు.

డెక్కను తినే ముక్కుపురుగులను బెంగళూరులో పరీక్షించి 1983లోనే వదిలారు. పంటల జోలికి పోవు. అయితే నిదానం, ఏళ్లు పడుతుంది. పైగా ఏటా మొక్కంతా ఊడ్చేస్తే వాటికీ తిండి ఉండదు. పారుదల లేని పాత మడుగుల్లో వాటిని వదిలి చూడమని అడుగుతున్నాను, కాలువల్లో కాదు.

ఇవన్నీ చేసినా, ఇళ్ల మురుగు పైపులు కాలువలోకి తెరిచి ఉన్నంతకాలం డెక్కకు తిండి పెడుతున్నది మనమే. అది మీ శాఖ ఒక్కదానితో తేలేది కాదు, మునిసిపల్ శాఖతో కలిసి కూర్చోవాలి. వచ్చే వేసవి టెండర్లు పిలిచే ముందే కూర్చోండి. తీసిన డెక్క ఎక్కడికి చేరిందో చూపిస్తేనే బిల్లు అని ఆ టెండర్లో ఒక్క షరతు రాయించండి.

ఇట్లు,
రైవస్ కాలువ గట్టు నివాసి,
విజయవాడ